కత్తెర పట్టుటకు ముందు – కేశాలంకరణ వృత్తిని గురించి కొన్ని సంగతులు

ప్రతి సంవత్సరము పరీక్షలు ముగియగానే మన విద్యార్థులలో ఒక ప్రశ్న తలయెత్తును: ఇక మీదట ఏమి చేయవలెను? బ్యాంకు పరీక్షలు, ఉపాధ్యాయ శిక్షణ, పోలీసు ఉద్యోగము, కంప్యూటరు కోర్సు, ఏదియు కుదరనిచో గల్ఫు ప్రయాణము – ఈ జాబితా మనకు కంఠస్థమై యున్నది. ఇందులో ఎన్నడును చోటు దొరకని వృత్తి యొకటి కలదు. అది కేశాలంకరణము, దానితో కలిసియుండు సౌందర్యసేవ. ఏ వీధిలో చూచినను ఒక కటింగ్ షాపో, ఒక బ్యూటీ పార్లరో కనబడును. పని లేక మూతబడిన మిల్లులను మనము చూచినాము గాని, తలవెంట్రుకలు పెరుగుట మానిన కాలమును ఎవరును చూడలేదు. అయినను ఈ పని నేర్చుకొందునని ఇంటిలో చెప్పిన విద్యార్థికి మొదట ఎదురగు మాట "మన ఇంటా వంటా లేని పని నీకెందుకు?" అనునదే.

ఈ వృత్తిని పొగడుటకు మేము పూనుకొనలేదు. ఇందులో ప్రవేశింపదలచినవారు దేనిని ముందు నేర్వవలెనో, దేనిని పిదప కొనవలెనో చెప్పుటయే మా ఉద్దేశము. మా అభిప్రాయమును ముందే తెలుపుచున్నాము. ఈ వృత్తికి అసలు మూలధనము ఒక గురువు కంటి ముందు రెండేండ్లు ఆడిన చేయి. అద్దములు, తిరుగు కుర్చీలు, ఏసీ యంత్రము దాని తరువాతివి. మన యువకులలో పలువురు ఈ క్రమమును తలక్రిందులు చేసి, ముందు అప్పు తెచ్చి దుకాణము తెరచి, పిమ్మట పని తెలిసినవారిని జీతమునకు వెదకుచున్నారు.

ఈ విద్య ప్రాచీనమైనది. మహాభారతమున అజ్ఞాతవాస కాలములో ద్రౌపది విరాటుని అంతఃపురమున సుధేష్ణ వద్ద సైరంధ్రిగా నున్నది. సైరంధ్రి యనగా తలదువ్వి ముడులు వేయుట, మైపూతలు నూరుట, పూదండలు గ్రుచ్చుట తెలిసి, ఆ విద్యచేత పరుల ఇంట జీవించు స్త్రీ. పాంచాల రాజపుత్రి ఒక ఏడాది పాటు తనను తాను పోషించుకొనుటకు ఎన్నుకొన్న విద్య ఇదే. తిక్కన విరాటపర్వమును పాఠముగా చదివినవారికి ఈ కథ క్రొత్తది కాదు. ఇక ఉర్దూ, ఫారసీ సాహిత్యములలో పెండ్లికూతురును అలంకరించు స్త్రీకి 'మష్షాతా' అని పేరు. ఆమెకు ఇంటింటి గుట్టు తెలియును గనుక సంబంధములు కుదుర్చు పని కూడ ఆమెకే అబ్బినది. 'హజ్జాం' అను మాటకు అరబ్బీలో మూలార్థము క్షురకుడు కాదు. కొమ్ము పెట్టి శరీరమునుండి రక్తము తీయు వైద్యుడు. లండను నగరములో సైతము 1540 నుండి 1745 వరకు క్షురకులును, శస్త్రవైద్యులును ఒకే సంఘముగా ఉండిరి. ఈనాటి సర్జన్లకు ఈ చుట్టరికమును జ్ఞాపకము చేసిన సంతోషింతురో లేదో!

బాగ్దాదును విడిచి 822లో స్పెయిన్ దేశపు కొర్డోబా నగరము చేరిన జిర్యాబ్ అను గాయకుడు, పాటతో పాటు జుట్టు కత్తిరించుకొను క్రొత్త తీరులను కూడ ఆ నగరమునకు నేర్పినాడని చరిత్రకారుడు అల్ మక్కరీ వ్రాసినాడు. మనకు మరింత దగ్గరివాడు పాట్నాలో 1759లో జన్మించిన దీన్ ముహమ్మద్. ఆయన ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణమున ఆవిరి స్నానశాల నెలకొల్పి, నాల్గవ జార్జి, నాల్గవ విలియం రాజులకు షాంపూ వైద్యుడైనాడు. ఆనాడు షాంపూ అనగా తలరుద్దుకొను ద్రవము కాదు, ఒళ్ళు పట్టుట. 'చాంపో' అను హిందుస్తానీ మాట మన మర్దనకారుల చేతులనుండి పడవ ఎక్కి ఇంగ్లండు పోయి, సీసాలో దిగి మరల మన బజారుకు వచ్చినది.

ఇంత గౌరవము గ్రంథములలో ఉండగా, మన ఊళ్ళలో జరిగినది వేరు. తెలుగు గ్రామములలో మంగలి కేవలము క్షౌరము చేయువాడు కాడు. పుండ్లకు కట్టు కట్టినది అతడే. పెండ్లిలో సన్నాయి, డోలు వాయించినది అతడే. ఆ ఇంటి స్త్రీ ఊరివారికి మంత్రసాని. ఇన్ని పనులకు ప్రతిఫలము పంటకాలమున కళ్ళములో పెట్టు ధాన్యపు మేర. పురిటి స్నానము మొదలు కర్మ దినము వరకు అతడు లేనిదే కార్యము జరుగదు, కార్యము ముగిసిన పిదప అతనికి పంక్తిలో చోటు లేదు. ఆ కులము పేరునే తిట్టుగా వాడినవారు మన మధ్యనే ఉన్నారు. నేడు ఆ సమాజమువారు నాయీ బ్రాహ్మణులని తమను పిలుచుకొనుచున్నారు. మనమును అట్లే పిలువవలెను. ముస్లిం సమాజములో కులభేదమునకు ధర్మశాస్త్ర రీత్యా తావు లేదని మనము సభలలో చెప్పుదుము. హజ్జాము కుటుంబముతో వియ్యమందవలసి వచ్చినప్పుడు మాత్రము ముఖము త్రిప్పుకొను పెద్దలు లేకపోలేదు.

ఈ మాటలు ఇక్కడ చెప్పుటకు కారణము కలదు. అదే పని చల్లని గదిలోనికి, వెలుగు బోర్డు క్రిందికి మారిన తరువాత దాని అంతస్తు పెరిగినది. ఇతర కులములవారు పెట్టుబడితో ఇందులో ప్రవేశించినారు. పెద్ద కంపెనీలు నగర నగరమున శాఖలు తెరచినవి. తాతల నాటి దుకాణము నడిపినవాని కుమారుడు నేడు అట్టి చోట కమీషనుపై పనిచేయువాడై యుండుట అరుదు కాదు. పనికి వచ్చిన గౌరవము పనివానికి సంపూర్ణముగా రాలేదు. విద్య ఎవరికైనను నేర్వ దగినదే. కాని తరతరములుగా ఆ పనిని కాపాడినవారి వద్దకు క్రొత్తవాడు శిష్యుడుగా పోవలెను గాని, రెండు నెలల సర్టిఫికెట్టు జేబులో పెట్టుకొని యజమానిగా పోరాదు. ఉస్తాద్, షాగిర్ద్ అను సంబంధము మనకు సంగీతములోను, దర్జీ పనిలోను తెలిసినదే. ఇచ్చటను అదే వర్తించును.

ఇక పనిలోని శాస్త్రమును చూతము. సైన్సు విద్యార్థులు ఈ భాగమును శ్రద్ధగా చదువవలెను, ఏలయన వారు ప్రయోగశాలలో చదివినదంతయు ఇచ్చట ఒక మనిషి తలమీద జరుగును.

వెంట్రుక మృతపదార్థము. చర్మము లోపలి కుదురులో మాత్రమే దానికి ప్రాణము కలదు. బయటికి వచ్చినది కెరటిన్ అను ప్రోటీను పోగు. దాని పైపొర పెంకుటింటి పెంకులవలె ఒకదానిపై ఒకటి కప్పుకొని యుండును. ఆ పెంకులు సమముగా నున్నచో జుట్టు నిగనిగలాడును, లేచినచో గరుకుగా, చిక్కుపడి కనబడును. క్షారగుణము గల సబ్బు ఆ పెంకులను లేపును. రంగును, బలమును ఉండునది వాని లోపలి పొరలో. మనిషి తలమీద సుమారు 1 లక్ష వెంట్రుకలుండును. ఒక్కొక్కటి నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును. కొన్ని ఏండ్లు పెరిగి, మూడు నెలలు విశ్రమించి, రాలి, అదే కుదురునుండి మరల మొలచును. కావున రోజునకు 50 నుండి 100 వరకు రాలుట సహజము. దువ్వెనలో పది వెంట్రుకలు చూచి బెదరి వచ్చినవారికి ఈ సంగతి చెప్పి పంపుట మంచి పనివాని లక్షణము. అదే బెదురును ఆసరాగా చేసికొని నూనె సీసాను అమ్మువారు అనేకులు. గుండ్రముగా మచ్చ పడి రాలినను, పొలుసులు, చీము కనబడినను అది మన పని కాదు. చర్మవైద్యుని వద్దకు పంపవలెను.

వెంట్రుక లోపల ప్రోటీను గొలుసులను రెండు విధములైన ముడులు పట్టి ఉంచును. మొదటివి బలహీనమైన హైడ్రోజన్ బంధములు. నీరు తగిలిన వీడును, ఆరగానే మరల ముడివడును. తడి జుట్టును వేడిగాలితో ఆరబెట్టుచు త్రిప్పినపుడు వచ్చిన వంపు, మరల తల తడిసిన వెంటనే పోవుటకు కారణమిదే. రెండవవి గంధకపు బంధములు. ఇవి నీటికి లొంగవు. నిలువుగా నున్న జుట్టును శాశ్వతముగా వంకీలు చేయవలెనన్నను, వంకీలను సాపు చేయవలెనన్నను థయోగ్లైకాలిక్ ఆమ్లపు లవణముతో ఆ బంధములను తెంచి, కోరిన ఆకారములో పెట్టి, హైడ్రోజన్ పెరాక్సైడుతో మరల అతికింపవలెను. కాలము మించెనా, వెంట్రుక దువ్వెనతోనే ఊడి వచ్చును. గడియారము చూడక చేయు ఈ పని వలన తల చెడగొట్టబడినవారిని మనము ఎరుగుదుము. నునుపు చేయుదుమని చెప్పు కొన్ని మందులలో ఫార్మాల్డిహైడు వెలువడును. దానిని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2004లో మానవులకు కాన్సరు కలిగించు పదార్థముల వర్గమున చేర్చినది. తలుపులు మూసిన ఏసీ గదిలో ఆ పొగను రోజంతయు పీల్చువాడు వినియోగదారుడు కాడు, పనివాడే. డబ్బామీది అక్షరములు చదువుట ఇచ్చట ప్రాణావసరము.

తలకు వేయు నల్లరంగు విషయము ఇంకను ముఖ్యము. దానిలో సామాన్యముగా పారా ఫెనిలీన్ డయమిన్ అను రసాయనము ఉండును. కొందరికి అది పడదు. ముఖము వాచి, కండ్లు మూతబడి, ఆసుపత్రి పాలైనవారు కలరు. కావున చెవి వెనుక చిన్న చుక్క వేసి 48 గంటలు వేచి చూడవలెను. ఒకసారి పడినది ఎల్లప్పుడు పడునను నమ్మకము కూడదు. చాలమందికి తెలియని సంగతి ఇంకొకటి: స్వచ్ఛమైన గోరింటాకు ఎఱుపు, నారింజ ఛాయలనే ఇచ్చును గాని నలుపును ఎన్నడును ఈయదు. 'నల్ల మెహందీ' పేరుతో పెండ్లిండ్లలోను, ఈద్ ముందు రాత్రులందును పిల్లల చేతులకు పెట్టు కోనులలో ఈ రసాయనమునే కలుపుచున్నారు. దానివలన బొబ్బలెక్కుటయే గాక, ఆ బాలికకు జీవితాంతము తలరంగు పడకుండ పోవచ్చును. చాంద్ రాత్ నాడు అంగడి నిండ జనమున్నపుడు, "పరీక్ష లేనిదే రంగు వేయను, రెండు దినముల ముందు రావలసినది" అని చెప్పి పంపుటకు ధైర్యము కావలెను. ఆ రాత్రి పోయిన డబ్బు లెక్కకు వచ్చును. తప్పిన ప్రమాదము ఏ లెక్కలోను కనబడదు.

మంగలికత్తి విషయములో ఇక రాజీ లేదు. కంటికి కనబడని రక్తపు చుక్కతో కామెర్ల జాతికి చెందిన హెపటైటిస్ బి, సి వ్యాధులు ఒకరినుండి ఒకరికి పోగలవు. సగము బ్లేడు అమర్చు కత్తి వాడి, ప్రతి మనిషికి క్రొత్త బ్లేడును అతని కంటి ముందు విప్పవలెను. తెగినచోట రుద్దు పటిక బిళ్ళను గురించి ఎవరును ఆలోచింపరు. ఒకే బిళ్ళ ఉదయమునుండి రాత్రి వరకు ముప్పది ముఖములు తిరుగును. దానిని పొడిచేసి, దూదితో అద్ది, దూదిని పారవేయుట మేలు. తామర దువ్వెనలతోను, క్లిప్పరుతోను, తడి తువాలుతోను వ్యాపించును. కనుబొమలు తీయునపుడు దారమును పంటితో పట్టుట మన పార్లర్లలో వాడుక. ఆ దారము మరియొకరి చర్మమునకు తగులరాదు. పని నేర్చువారు హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులును పూర్తిగా తీసికొని యుండవలెను. దుకాణము బోర్డుకు పెట్టు ఖర్చులో ఇది ఎన్నవ వంతు?

విద్య ఎచ్చట లభించును? పారిశ్రామిక శిక్షణ సంస్థలలో, అనగా ఐ.టి.ఐ.లలో, 'బేసిక్ కాస్మటాలజీ' అను ఒక సంవత్సరపు శిక్షణ కలదు. పదవ తరగతి ఉత్తీర్ణులు చేరవచ్చును. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన క్రింద స్వల్పకాలిక శిక్షణలు వచ్చినవి. ప్రైవేటు అకాడమీలు వేలు, లక్షలు అడుగుచున్నవి. వారి రంగుల కాగితములు చూచి మోసపోవలదు. ఒకే ప్రశ్న అడుగవలెను: "ఈ శిక్షణలో నా చేతికి ఎన్ని తలలు వచ్చును?" బొమ్మ తలలు కావు, ఊపిరి తీయు మనుష్యుల తలలు. సమాధానము స్పష్టముగా రానిచో లేచి రావలెను.

సర్టిఫికెట్టు చేతికి వచ్చిన పిదప, పని బాగుగా సాగు దుకాణములో షాగిర్దుగా చేరవలెను. అచ్చట మొదటి నెలలు ఊడ్చుట, తువాళ్ళు మడచుట, తలలు కడుగుట. పట్టభద్రులైనవారికి ఇది చిన్నతనముగా తోచును. కాని తల కడుగుచున్న వ్రేళ్ళకే జుట్టు సాంద్రత, నెత్తిమీది సుడి తిరిగిన దిక్కు, పుఱ్ఱె వెనుకనున్న ఎత్తుపల్లములు తెలియును. సుడికి ఎదురుగా కురచగా కత్తిరించిన జుట్టు మరునాడు నిలుచుండును. అది కంటితో నేర్చుకొను పాఠము కాదు. కత్తెర పట్టుటలో ఉంగరపు వ్రేలు కదలరాదు, బొటనవ్రేలు మాత్రమే ఆడవలెను. తడిసిన వెంట్రుక సాగి యుండును గనుక ఆరిన తరువాత పైకి పోవును. వంకీల జుట్టు మరింత పోవును. కనుక అడిగినదానికంటె కొంత పొడవుగా ఆపి, ఆరిన పిమ్మట సరిచేయవలెను. తీసినదానిని మరల అతికింప ఎవరి తరమును కాదు గదా. లండనులో 1928లో పేద యూదు కుటుంబమున పుట్టి, బాల్యములో కొన్ని ఏండ్లు అనాథాశ్రమములో పెరిగిన విడాల్ ససూన్ తన పదునాలుగవ ఏట ఇట్లే తలలు కడుగు శిష్యుడుగా చేరినాడు. 1960 దశకములో ఆయన, జుట్టు అందము చుట్టలు చుట్టి బిగించుటలో లేదని, కత్తిరింపులోనే ఉన్నదని నిరూపించి ఈ విద్య స్వరూపమునే మార్చినాడు.

విద్యార్థినులకు ప్రత్యేకముగా కొన్ని మాటలు. మన బస్తీలలో పర్దా పాటించు స్త్రీలు అనేకులు. వారికి స్త్రీలే నడుపు, స్త్రీలే పనిచేయు, బయటికి కనబడని స్థలము కావలెను. పెద్ద కంపెనీల గాజు తలుపుల సెలూన్లు వారికి పనికిరావు. ఇంటి ముందుగదిలో ఒక కుర్చీ, ఒక అద్దము, ఒక తెరతో ప్రారంభించు పార్లరుకు ఇదే బలము. హైదరాబాదులో జన్మించిన షహనాజ్ హుస్సేన్ విదేశములలో శిక్షణ పొంది వచ్చి, 1970 దశకపు ఆరంభములో ఢిల్లీలోని తన ఇంటి వరండాలోనే మూలికా సౌందర్యశాలను తెరచినారు. 2006లో ఆమెకు పద్మశ్రీ లభించినది. సినిమా రంగములో చాలకాలము ఒక విచిత్రమైన కట్టడి ఉండెడిది. స్త్రీలు కేశాలంకరణ చేయవచ్చును గాని మేకప్ చేయరాదు. ఆ పని పురుషులదే. చారు ఖురానా కేసులో 2014 నవంబరు 10న సుప్రీంకోర్టు ఈ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. చట్టము తెరచిన తలుపులోనుండి నడువవలసినవారు మన బాలికలే.

అమ్మాయిలు తల్లిదండ్రులకు చెప్పదగిన సమాధానము కూడ ఇదే సందర్భములో చెప్పుచున్నాము. ఈ పని ఇంటిని విడువక చేయవచ్చును, పెండ్లి తరువాత ఊరు మారినను చేయి వెంట వచ్చును. ఉద్యోగపు బదిలీ కాగితము దీనికి అవసరము లేదు.

పార్లరులో ఎల్లప్పుడు ఎదురగు ఒక కోరిక మాత్రము ధర్మసంకటము తెచ్చును: "తెల్లగా చేయండి." పెండ్లిచూపుల ముందు తల్లులు కూతుండ్లను తీసికొని వచ్చి అడుగుదురు. చర్మపు రంగు పుట్టుకతో వచ్చినది. ఏ ఫేషియలును దానిని మార్చలేదు. మురికి పోవును, ఎండకు కమిలినది కొంత తగ్గును, అంతే. త్వరగా తెల్లబరచునని అమ్ము కొన్ని క్రీములలో పాదరసము, మరికొన్నిటిలో స్టెరాయిడ్లు ఉండును. స్టెరాయిడు మొదటి వారములలో మెరుపు నిచ్చి, తరువాత చర్మమును పలుచబరచి, మొటిమలు, ఎఱ్ఱదనము, ముఖమున అవాంఛిత రోమములు తెచ్చును, మానినచో మంట. అమ్మకపు లాభమునకు ఆశపడి అట్టి క్రీమును చేతిలో పెట్టిన పార్లరు ఒక పిల్ల ముఖమును చెరచినదే. సున్నిపిండి, ఉబ్టన్ రాచి నిజము చెప్పి పంపిన తల్లి ఒక నెల అలిగినను మరల వచ్చును.

ఇప్పుడు లెక్కలు. కామర్సు విద్యార్థులు నవ్వకుండ చదువవలెను. ఒక చిన్న దుకాణమును ఊహింతము. అద్దె 6,000, విద్యుత్తు 1,500, సామగ్రి 4,500, సహాయకుని జీతము 9,000. మొత్తము నెలకు 21,000 రూపాయలు. మన ప్రాంతమున మంగళవారము క్షౌరము చేయించుకొనరు గనుక పలు దుకాణములు ఆనాడు మూసియుండును. నాలుగు మంగళవారములు పోగా మిగులునవి 26 రోజులు. అనగా రోజునకు సుమారు 808 రూపాయలు ఖర్చులకే కావలెను. కటింగు 120 రూపాయలనుకొన్నచో మొదటి ఏడుగురు వచ్చునంతవరకు మనము ఇంటి యజమానికి, విద్యుత్ శాఖకు పనిచేయుచున్నట్లే. ఎనిమిదవ మనిషితో మన కూలి ప్రారంభమగును. ఈ ఎనిమిదవ మనిషి రోజును వచ్చుననెడి నమ్మకము కలుగువరకు సొంత దుకాణము తెరువరాదు. ఆ నమ్మకము షాగిర్దుగా నున్నప్పుడే తెలియును: మన కుర్చీ కొరకు వేచియుండు మనుష్యులు ఏర్పడినారా, లేదా?

రాబడి సంవత్సరమంతయు సమముగా నుండదు. పెండ్లి ముహూర్తముల మాసములలో వధువుల అలంకరణకు తీరిక చిక్కదు. ఆషాఢము, భాద్రపదము, పుష్యము వచ్చినంతనే పార్లరు బోసిపోవును. ముస్లిం కుటుంబములలో పలువురు ముహర్రములో పెండ్లిండ్లు పెట్టుకొనరు, రంజాన్‌లోను అరుదు. ఆ నెల చివరి దినములలో మాత్రము కూర్చుండుటకు చోటుండదు. శుక్రవారము జుమా నమాజుకు ముందు గంటలు, ఆదివారము ఉదయము పురుషుల దుకాణములకు నిండుకాలము. రెండు పంచాంగములను గోడకు తగిలించుకొని, నిండు నెలలలో వచ్చినదానినుండి కొంత తీసి బోసి నెలలకు దాచవలెను. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ దుకాణములు వారముల తరబడి మూతబడినవి. ఏ దాపుడును లేనివారు కత్తెర పెట్టెలతో ఇండ్లవద్ద కూర్చుండిరి.

అప్పు అవసరమైనచో వడ్డీ వ్యాపారివద్దకు పోకముందు తెలిసికొనదగిన దారులు కలవు. 2015లో ప్రారంభమైన ముద్ర పథకములో 'శిశు' తరగతి క్రింద 50,000 రూపాయల వరకు హామీ లేని ఋణము లభించును. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో క్షౌరవృత్తి ఒకటి. అందులో శిక్షణ కాలమున రోజునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సహాయము, పిమ్మట 5 శాతము వడ్డీపై మొదట 1 లక్ష, అది తీర్చిన వెనుక 2 లక్షల ఋణము నిర్ణయింపబడినవి. తెలంగాణ ప్రభుత్వము 2021లో నాయీ బ్రాహ్మణుల క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ప్రకటించినది. పురపాలక సంఘపు ట్రేడ్ లైసెన్సు, దుకాణముల చట్టము క్రింద నమోదు తప్పనిసరి. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. చేయించి పెట్టుదునని డబ్బు అడుగువానిని నమ్మవలదు.

శరీరమును గురించి చెప్పక విడువరాదు. ఇది రోజంతయు నిలుచుండు పని. కాళ్ళలో నరములు ఉబ్బుట, నడుము నొప్పి, మణికట్టు పట్టుట, రసాయనములతో వ్రేళ్ళ సందుల చర్మము పగులుట ఈ వృత్తివారి సామాన్య బాధలు. కుర్చీని మనిషి ఎత్తునకు కాక మన మోచేతి ఎత్తునకు సర్దుకొనవలెను. రంగు, మందు ముట్టునపుడు చేతితొడుగులు మరువరాదు. కుర్చీలో కూర్చున్నవారు తమ ఇంటి కష్టములన్నియు చెప్పుకొందురు; విన్న మాట ఆ గుమ్మము దాటరాదు. మష్షాతా పని మనకు అక్కరలేదు.

చివరగా, పని నేర్చుకొనుటకు పోవువారు మొదట కొనవలసిన పొదిని గురించి. పాతకాలపు మంగలిపొదిలో కత్తి, సాన, కత్తెర, గోరుకోయునది, చిన్న అద్దము, నీళ్ళ గిన్నె మాత్రమే ఉండెడివి. ఆ కొద్దిపాటి సామగ్రితో ఊరంతటి పని జరిగినది. నేడు మొదటి పొదికి ఒక మంచి కత్తెర, పలుచన చేయు పండ్లకత్తెర ఒకటి, సన్న దువ్వెనలు రెండు, వెడల్పు దువ్వెన ఒకటి, బ్లేడు మార్చు కత్తి, నీళ్ళు చిమ్ము సీసా, జుట్టును పాయలుగా పట్టి ఉంచు క్లిప్పులు ఆరు చాలును. క్లిప్పరు యంత్రము ఆరు నెలల తరువాత కొనవచ్చును. ముందే కొన్నచో చేయి కత్తెరను నేర్వదు. కత్తెరకు మాత్రము ధర చూడవలదు. దానితో కాగితము, దారము, ప్లాస్టిక్ సంచి కోయరాదు, ఇంటిలో ఎవరికిని ఈయరాదు. రాత్రి పని ముగిసిన తరువాత తుడిచి, మర వద్ద ఒక చుక్క నూనె వేసి, మూసి పెట్టవలెను.